బండి సిద్ధం కానీ, పోదాం

జూన్ 8, ఆదివారం

బండికి ఆయిల్ మార్చాలని పొద్దున్నే కూర్చున్నాను. పాత ఆయిల్ దించాను. తారులా నల్లగా ఉంది. ఫిల్టరు మాత్రం రాలేదు. ఇంజను ముందు, కింద వైపు నల్లటి చిన్న డబ్బాలా ఉంటుంది. చేత్తో పట్టుకుని ఎడమకు తిప్పితే ఊడాలి. గుడ్డ చుట్టి తిప్పాను, రాలేదు. ఈ ధర్మవరం ఎండలకు లోపలి రబ్బరు అతుక్కుని ఉంటుంది. రేపు వస్తుంది.

మంజులత మగ్గం గదిలోంచి వచ్చి వాకిట్లో నిలబడింది.

"సాయినాథ్ మళ్లా ఫోన్ చేసినాడు. బెంగళూరు నుంచి నరాల డాక్టరు ప్రతి ఆదివారం హిందూపురం వస్తాడంట. మనం ఎప్పుడొస్తామో చెప్తే పేరు రాయించి పెడతానంటాండాడు."

సాయినాథ్ నా బావమరిది. హిందూపురంలో బడిపంతులు. ఒక్క పని తలకెక్కితే వదలడు.

"బండి సిద్ధం కానీ, పోదాం" అన్నాను.

"నొప్పి నీ భుజానికా, బండికా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

భుజం నొప్పి ఉన్న మాట నిజమే. పెళ్లి చీర మగ్గం మీద ఉంది, పని ఎక్కువైంది. భుజం నొయ్యని నేతగాడు ఈ ఊళ్లో ఎవడున్నాడు?

జూన్ 9, సోమవారం

రాలేదు.

జూన్ 10, మంగళవారం

తోలు పట్టీ ఉన్న స్పానరు వేసి చూశాను. డబ్బా చుట్టూ పట్టీ బిగించి కడ్డీని లాగాలి. జారిపోయింది. ఇసుక కాగితం ముక్క మధ్యలో పెట్టి మళ్లీ లాగాను. మళ్లీ జారింది. ఆయిల్ జిడ్డు వల్ల. కుడి చెయ్యి కొంచెం నీరసంగా ఉంది. ఆ చేతి మీద పడుకుని ఉంటాను.

మంజులత బజారుకు ఆటోలో వెళ్లింది. బండి విప్పి ఉంది కదా, తప్పదు. విప్పకముందు కూడా ఆటోలోనే వెళ్తోంది. చీరకు చైను మరక అంటుతుందట. పెళ్లయినప్పటి నుంచి నా బండి వెనకే కూర్చుంది, మరక ఇప్పుడు అంటుతోంది.

రైల్వే గేటు దగ్గర బండి ఒరిగిన సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అక్కడ ఇసుక ఉంది. ఎవరికైనా ఒరుగుతుంది. ఆమెకు మోచేయి గీసుకుపోయింది, అంతే.

జూన్ 12, గురువారం

పెళ్లి చీర తలుపుల ఊరి లక్ష్మీనరసమ్మ గారిది. మనవరాలి కోసం. "చెన్నకేశవులు చేత్తో నేసిందే కావాల" అని మనిషిని పంపించింది ఆవిడ. వాళ్లింట్లో ఇద్దరు కోడళ్లు పెళ్లి పీటల మీద కట్టుకున్నవి నేను నేసిన చీరలే. ముదురు అరిటాకు రంగు, వెడల్పు అంచు, అంచు పొడుగునా నెమళ్లు.

ఈ రోజు మధ్యాహ్నం పడుగులో, నిలువు దారాల్లో, కొన్ని పోగులు తెగాయి. తెగడం వింత కాదు. తెగిన కొసలు రెండూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపితే అతుక్కుంటాయి. పలక పట్టిన వయసు నుంచి చేస్తున్న పని, కళ్లు మూసుకుని చేస్తాను. ఈ రోజు వేళ్లు ఒకదాన్నొకటి కలవలేదు. కలిసినా పోగు మధ్యలో లేదు. చెమట వల్ల. ఫ్యాను కిందికి జరిగాను. ఫ్యాను గాలికి పోగు ఎగిరింది. ఫ్యాను ఆపాను.

లేచి వచ్చి ఫిల్టరుతో కుస్తీ పట్టాను. అది రాలేదు. తిరిగి మగ్గంలో కూర్చుంటే పోగులు అన్నీ అతికి ఉన్నాయి. ముడి కూడా కనిపించడం లేదు. నేనే అతికి లేచి ఉంటాను. మరిచిపోయాను.

జూన్ 13, శుక్రవారం

అన్నం తిన్నాక అరుగు మీద కూర్చుని ఉంటే మంజులత నా కుడి చేతినే చూస్తోంది.

"ఏమి?" అన్నాను.

"ఖాళీగా కూర్చున్నా పోగులు అతుకుతానే ఉండావు."

చూసుకున్నాను. బొటనవేలు, చూపుడువేలు ఒకదాని మీద ఒకటి నలుపుకుంటున్నాయి. మధ్యలో పోగు లేదు. నేను నలపడం లేదు, అవే నలుపుకుంటున్నాయి.

అలవాటు. ఇన్నేళ్ల పని వేళ్లలోకి ఇంకి ఉంటుంది. చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చుంటే ఏమీ ఉండదు.

నాయనకు వచ్చింది వేరు. ఆయన ముసలివాడు. నాకు నలభై ఆరు. ఆ సంగతి ఇక్కడ రాయను.

జూన్ 15, ఆదివారం

బస్సులో పెనుకొండ పోయి వచ్చాను. అక్కడ మెకానిక్ గణేష్ దగ్గర గిన్నె లాంటి స్పానరు ఉందని విన్నాను. డబ్బా మీద టోపీలా కూర్చుంటుంది, జారదు. ఈ బండి నాకు ఇప్పించింది కూడా అతనే. బెంగళూరు కుర్రాడెవరో కొని, నడపలేక అమ్ముకున్నాడు. రెండు సిలిండర్ల బండి. దాన్ని నిలబెట్టాలంటేనే ఒంట్లో సత్తువ ఉండాలి.

గణేష్ సంగతంతా విన్నాడు.

"అన్నా, పాత ఆయిలే మళ్లా పోసి బండి ఈడికి తీస్కరా. పది నిమిషాల్లో తీసిస్తా."

"నా బండి పని ఎప్పుడైనా ఇంకొకరికి ఇచ్చినానా?"

"ఇయ్యలేదులే. అయినా దీంట్లో పౌరుషం ఏముందన్నా? అది డబ్బా."

టీ తెప్పించాడు. అంగడివాడు గ్లాసు మరీ అంచుదాకా పోశాడు, ఎత్తితే ఒలికింది. గణేష్ ఒలికింది తుడిచి, గ్లాసు తీసి నా ఎడమ పక్కన పెట్టాడు. అటువైపు ఎందుకు పెట్టాడో. తాగి వచ్చేశాను.

ఇంటికి వచ్చాక స్పానరు చూపిస్తే మంజులత దాన్ని చూడలేదు.

"పెనుకొండకు బస్సులో పోతివి. ఆ బస్సే గదా హిందూపురం పోయేది. ఇంకొంచెంసేపు కూర్చోనుంటే డాక్టరు దగ్గర దిగేవాడివి."

"నువ్వు పక్కన లేకుండా ఎట్ల పోయేది?"

"నన్ను రమ్మన్యావా?"

వచ్చే ఆదివారం బండి మీదే పోతాం. పెనుకొండ కొండ కింద ఆగి టిఫిన్ తిని పోవచ్చు. ఆమెకు అక్కడి ఉగ్గాని ఇష్టం.

జూన్ 16, సోమవారం

గిన్నె స్పానరు కూడా జారింది. డబ్బా అంచులు అరిగి గుండ్రమయ్యాయి. నాకు ఒళ్లు మండిపోయింది. పెద్ద స్క్రూడ్రైవరు తెచ్చి డబ్బాకు ఆ పక్క నుంచి ఈ పక్కకు దిగ్గొట్టాను. దాన్ని పిడిలా పట్టుకుని తిప్పుదామని. రేకు కాగితంలా చిరిగింది. స్క్రూడ్రైవరు తిరిగింది, డబ్బా తిరగలేదు. లోపల మిగిలిన ఆయిల్ అంతా వాకిట్లోకి కారింది.

ఇక పాత ఆయిల్ పోసి గణేష్ దగ్గరికి తీసుకుపోవడం కూడా కుదరదు. చిరిగిన ఫిల్టరుతో ఇంజను ఆడించకూడదు.

మంజులత రంపపు పొట్టు తెచ్చి ఆయిల్ మీద చల్లింది.

జూన్ 18, బుధవారం

అక్షరాలు మరీ చిన్నగా పడుతున్నాయి. ఈ పెన్ను బాగాలేదు.

జూన్ 20, శుక్రవారం

ఏమి రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

చిరిగిన రేకంతా కోసి పారేశాను. ఇంజనుకు అతుక్కుని ఫిల్టరు అడుగు భాగం, ఒక గట్టి చక్రం మిగిలింది. దాని అంచు మీద ఉలి ఏటవాలుగా ఆనించి సుత్తితో కొడితే తిరగాలి. ఇక ఆ దారి ఒక్కటే. నిన్న కొట్టాను. ఎడమ చేత్తో ఉలి, కుడి చేత్తో సుత్తి. దెబ్బ ఉలి మీద పడలేదు. ఉలి జారి ఇంజను మీద గాటు పడింది. ఇంకోటి. ఫిల్టరు కూర్చునే చోటుకు వేలెడు దూరంలో. అక్కడ గాటు పడితే కొత్తది వేసినా ఆయిల్ ఆగదు, ఇంజను పోయినట్టే.

నా ఉలి మొండిదని, సన్నమూతిది తెద్దామని ఈ రోజు పొద్దున బజారుకు బయలుదేరాను. వీధి చివరికి పోయాక పాత ఉలి కొలతకు తీసుకోలేదని గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. ఇంటి గడప దాకా వచ్చి ఆగిపోయాను.

నా మగ్గం ఆడుతోంది.

ఈ వీధిలో ఇంటింటికీ మగ్గం ఉంది. ఏ చప్పుడు ఎవరి మగ్గానిదో నాకు తెలుసు. నా మగ్గం చప్పుడు నాకు నా దగ్గులాంటిది. కానీ ఆడిస్తున్నది నేను కాదు. నాకంటే తేలిక చెయ్యి. అడ్డపోగును మోసే నాడె ఇటు నుంచి అటు పోవడానికి ఒక్క లిప్త ఎక్కువ తీసుకుంటోంది. అయినా ఎక్కడా ఆగడం లేదు, తడబడటం లేదు. ఒకటే వరస.

మంజులత పుట్టింట్లో నేత నేర్చుకుంది. పెళ్లయ్యాక కండెలు చుట్టడమే ఆమె పని అనుకున్నాను. అనుకున్నాను అంటే, అంతటితో సరిపెట్టాను.

కిటికీలోంచి చూశాను. ఆమె నేను నిన్న నేసిన భాగాన్ని విప్పి మళ్లీ నేస్తోంది. విప్పిన అడ్డపోగులు పక్కన కుప్పగా ఉన్నాయి. అందులో నా నెమలి ఉంది. నిన్న దాని మెడ కొంచెం వంకరగా వచ్చిందని నాకు తెలుసు. దూరం నుంచి చూస్తే తెలియదని నాకు నేను చెప్పుకున్నాను.

లోపలికి పోలేదు. రైల్వే గేటు దాకా నడిచి, అక్కడ కట్ట మీద కూర్చున్నాను. నడుస్తుంటే కుడి చెప్పు నేలకు రాసుకుంటోంది. గేటు దగ్గర రోడ్డు చూశాను. ఇసుక లేదు. ఆ రోజు కూడా లేదు.

కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియడం లేదు.

జూన్ 21, శనివారం

ఉలి తెచ్చాను. ఆమె చీర గురించి చెప్పలేదు. నేనూ అడగలేదు. మగ్గం ఎక్కలేదు. తలనొప్పి అన్నాను.

సాయినాథ్ ఫోన్ చేశాడు. "రేపు వస్తాండారా బావా?" అంటే "బండి..." అన్నాను. అతను నా మాట పూర్తి కానివ్వకుండా పెట్టేశాడు. చిన్నవాడు, ఎప్పుడూ అలా చేయలేదు.

జూన్ 22, ఆదివారం

పొద్దున ఉలి పట్టుకుని బండి ముందు కూర్చున్నాను. కూర్చున్నానే గానీ సుత్తి ఎత్తలేదు. ఎత్తితే దెబ్బ ఎక్కడ పడుతుందో నాకు తెలియదు. అంత భయం నా చేతి మీద నాకే ఎప్పుడూ లేదు.

మంజులత చీర కుచ్చిళ్లు ఎగదోపి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"సుత్తి నాకియ్యి. ఉలి నువ్వు పట్టుకో."

"నీకు రాదు."

"నీకు వచ్చా? ఇంజను నిండా గాట్లే. చూసుకో."

నేను ఇవ్వలేదు. ఆమె చెయ్యి చాచి అలాగే ఉంచింది.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?" అన్నాను. దేని గురించో చెప్పలేదు. ఆమె కూడా దేని గురించి అని అడగలేదు.

"పోయిన దీపావళి అప్పుడు, నువ్వు ఈ డబ్బా బిగించినావే, ఆ పొద్దు నుంచి. చేత్తో బిగిస్తే చాలు, స్పానరు పెడితే మళ్లా రాదు అని ఎప్పుడూ చెప్పేది నువ్వే. ఆ పొద్దు పట్టీ స్పానరు వేసి, కాలు తన్నిపెట్టి బిగిస్తాంటివి. నీ చేతిని నువ్వే నమ్మలేదు. నాకు అప్పుడే అర్థమాయ."

"మరి చెప్పొచ్చు గదా!"

"నువ్వు చెప్తావని చూస్తి."

"చూసుకుంటా, నా ఎనక దొంగతనంగా చీర నేస్తాంటివా? ఆ నెమలి నాది. లక్ష్మీనరసమ్మ నా చేత్తో కావాలనె."

ఆమె గొంతు పెంచింది. మా ఇంట్లో గొంతు పెంచేది నేను.

"నీదే! నీదని గదా విప్పింది! మెడ వంకర పోయిన నెమలి పోయి తలుపులలో పెండ్లిపీట మీద కూర్చుంటే, చెన్నకేశవులుకి చెయ్యి పడిపోయింది అంటారు. అనిపించుకోమంటావా? నేను వినాల్నా ఆ మాట? గేటు కాడ నన్ను కింద పడేసినావు. ఇసుక అన్యావు. సరే అంటి. ఆటోలో పోతి. ఇంకెన్నిటికి సరే అనాల?"

నా కుడి చెయ్యి ఊగుతోంది. కోపం వస్తే ఇంకా ఎక్కువ. దాన్ని ఎడమ చేత్తో పట్టుకున్నాను. ఎడమ చేతిని కూడా అది ఊపింది. ఆమె చూస్తోంది. దాచడానికి ఇక ఏ చోటూ లేదు.

"నాయన మాదిరి అయితాదేమో మంజులా" అన్నాను.

ఈ మాట ఇన్నాళ్లూ లోపల కూడా అనుకోలేదు. నాయన చివరి రోజుల్లో గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు. తర్వాత అమ్మ తాగించేది. తర్వాత ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ మావైపు తిరగలేదు.

మంజులత గొంతు తగ్గింది.

"మామ డాక్టరు మొగం చూడలే. ముసలితనం అని ఆయనా అనె, మీరూ అంటిరి. నువ్వు చూస్తావు. చూడకపోతే నేను ఊరుకోను." చెయ్యి ఇంకా చాచే ఉంది. "ఇయ్యి."

సుత్తి ఇచ్చాను.

ఉలిని చక్రం అంచు మీద ఏటవాలుగా ఆనించి రెండు చేతులతో పట్టుకున్నాను. వింత ఏమిటంటే అలా బిగించి పట్టుకుంటే వణుకు తగ్గింది. వణుకు అని రాశాను. సరే.

"యాడ కొట్టల్ల?"

"ఉలి తల మీద. నా చెయ్యి చూడొద్దు, ఉలి తలనే చూడు."

మొదటి దెబ్బ తట్టినట్టు ఉంది.

"గట్టిగా."

"నీ చేతి మీద పడితే?"

"పడనీ. నేను చెయ్యి తియ్యను."

ఆమె పెదవి బిగబట్టి కొట్టింది. ఉలి అదిరి నా మోచేతుల దాకా జిల్లుమంది. చక్రం కదలలేదు. ఇంకోటి. ఇంకోటి. ఒక దెబ్బ తప్పి నా బొటనవేలి పక్క నుంచి పోయింది. ఆమె ఊపిరి ఆగిన చప్పుడు నాకు వినపడింది. నేను ఉలి వదల్లేదు. "కొట్టు" అన్నాను. ఆమె ఏడుస్తూనే కొట్టింది. ముక్కు కారుతోంది, భుజంతో తుడుచుకుంటోంది, కొడుతోంది. ఆ దెబ్బలు ఫిల్టరుకేనా అని అనుమానం వచ్చింది.

టక్ మని సన్నటి చప్పుడైంది. ఉలి కింద ఏదో వదిలినట్టు. చక్రం ఒక్క పిసరు తిరిగింది.

"ఆగు, ఆగు. ఇప్పుడు చేత్తో తిప్పు."

ఆమె వేళ్లు పెట్టి తిప్పింది. మొదట బిగువుగా, తర్వాత సులువుగా, తర్వాత మామూలు డబ్బా మూత తిరిగినట్టు తిరిగి ఆమె చేతిలోకి ఊడి వచ్చింది. నల్ల ఆయిల్ మోచేతి దాకా కారింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంతేనా ఇది?" అంది.

పాత రబ్బరు రింగు ఇంజనుకే అతుక్కుని మిగిలిపోయింది. దాన్ని అలాగే ఉంచి కొత్తది వేస్తే ఆయిల్ కారుతుంది. ఇనుముతో గీకొద్దని చెప్పాను. వెదురు పుల్ల తెచ్చి, కొంచెం కొంచెంగా ఆమె లేపింది. నేను టార్చి పట్టుకున్నాను. వెలుతురు ఊగింది. ఆమె ఊగుతున్న వెలుతురులోనే పని చేసుకుంది.

ఫిల్టరు కూర్చునే చోటు నున్నగా ఉంది. గాట్లన్నీ దానికి అవతలే ఆగాయి.

జూన్ 24, మంగళవారం

కొత్త ఫిల్టరు వేశాం. రింగుకు వేలితో ఆయిల్ రాసి, చేత్తోనే బిగించింది మంజులత. "ఇంక చాలా?" అంది. "తగిలినాక ఇంకొంచెం, అంతే" అన్నాను. కొత్త ఆయిల్ పోసి స్టార్ట్ చేశాను. ఎక్కడా చుక్క కారలేదు. ఇంజను చప్పుడు శుభ్రంగా ఉంది. చాలాసేపు అలాగే ఆడనిచ్చాను.

సాయినాథ్‌కి నేనే ఫోన్ చేశాను. ఆదివారానికి పేరు రాయించమన్నాను. "సరే బావా" అన్నాడు.

పెళ్లి చీర మిగిలింది ఆమె నేస్తోంది. పక్కన కూర్చుని, నెమళ్ల నమూనాకు చిల్లులు పొడిచిన జకార్డు అట్టలు చూస్తున్నాను. నెమలి కన్ను దగ్గర ఒక చోట ఆగి నన్ను అడిగింది, చెప్పాను. లక్ష్మీనరసమ్మ గారికి ఫోన్ చేసి, ఇది మా ఇద్దరి చేతి చీర, ఇష్టమైతేనే తీసుకోండి అన్నాను. "నెమలి మొగం నా తట్టు చూస్తాందా లేదా, అది చెప్పప్పా" అంది ఆవిడ. చూస్తోందన్నాను. "అయితే తెండి" అంది.

జూన్ 28, శనివారం

సాయంత్రం బండి తుడిచాను. టైర్లలో గాలి చూశాను. మంజులత సంచి సర్దుతూ, "ఎన్ని గంటలకు బయలుదేరేది?" అంది. బండి మీదే అనుకుని, నలిగినా ఫరవాలేని చీర తీసి పెట్టుకుంది. వెనక కూర్చోవడానికి సిద్ధపడింది. గేటు దగ్గర పడ్డాక కూడా.

"బస్సులో పోదాం" అన్నాను.

"బండి సిద్ధమాయ గదా?"

"బండి సిద్ధంగానే ఉండాది."

ఆమె నన్ను చూసింది. ఆ చీర లోపల పెట్టేసి, మంచిది తీసింది.

జూన్ 30, సోమవారం

నిన్నటిది ఈ రోజు రాస్తున్నాను. నిన్న ఓపిక లేకపోయింది.

హిందూపురం బస్టాండులో సాయినాథ్ కాచుకుని ఉన్నాడు. డాక్టరుకు నా వయసే ఉంటుంది. వేళ్లు టపటపా కొట్టమన్నాడు. ఎడమవి కొట్టాయి. కుడివి కాసేపు కొట్టి, చిన్నగా అయిపోయి, ఆగిపోయాయి. నడవమన్నాడు. కుడి చెయ్యి ఊపకుండా నడుస్తున్నానని చెప్పాడు. నాకు తెలియదు. ఒక వాక్యం రాయమన్నాడు. రాస్తూ రాస్తూ పోతే అక్షరాలు చీమల్లా అయ్యాయి. పెన్ను బాగాలేదన్నాను. తన పెన్ను ఇచ్చాడు. దాంతోనూ అంతే.

"వాసనలు తెలుస్తున్నాయా?" అన్నాడు.

తెలుస్తాయి అనబోయాను. మంజులత ముందే చెప్పింది. "పోయిన సమచ్చరం నుంచి పొయ్యి మీద చారు మాడినా తెలీదు సార్."

పార్కిన్సన్స్ అన్నాడు. మెల్లగా, తెలుగులో వివరంగా చెప్పాడు. మెదడులో ఒక పదార్థం తగ్గుతుందట. పూర్తిగా పోయే జబ్బు కాదు, కానీ మందుతో చాలా ఏళ్లు బాగానే నడపొచ్చట. ముందే వస్తే బాగుండేదని అన్నాడు గానీ గట్టిగా అనలేదు. మా నాయన సంగతి చెప్పాను. రాసుకున్నాడు.

"మగ్గం?" అన్నాను.

"నేయండి. చేతనైనంత నేయండి. కదలకుండా కూర్చోవడమే మీకు చెడ్డది."

"బండి?"

"మందు ఎలా పనిచేస్తుందో చూసి చెబుతాను. అప్పటిదాకా వద్దు. వెనక ఎవరినీ అసలే ఎక్కించుకోవద్దు."

మంజులత నావైపు చూడకుండా తల వంచుకుంది.

మందుల అంగడిలో ఆమె తిండికి ముందా తర్వాతా అని ఒకే మాత్ర గురించి మళ్లీ మళ్లీ అడిగింది. అంగడివాడు విసుక్కోకుండా చెప్పాడు. సాయినాథ్ మమ్మల్ని ప్యాసింజరు ఎక్కించి, కిటికీ పక్కనే నిలబడి, రైలు కదిలేదాకా వానల గురించే మాట్లాడాడు.

సాయంత్రపు ఎండ పెట్టెలోకి పడుతోంది. మా ఎదురుగా ఒక ముసలామె, ఒళ్లో బుట్ట. పేరు హనుమంతమ్మ అని, కూతురిని చూసి రామగిరి తిరిగి పోతున్నానని ఎక్కిన కాసేపటికే చెప్పేసింది. పెనుకొండ దాటాక నా కుడి చెయ్యి మొదలుపెట్టింది. తొడ కింద పెట్టుకోబోయాను. పెట్టుకోలేదు. మోకాలి మీదే ఉంచాను. అది దాని పని చేసుకుంటోంది.

ముసలామె కాసేపు చూసింది.

"ఏమప్పా, చలి పెడతాందా?"

మంజులత ఏదో చెప్పబోయింది. నేను చెప్పాను.

"చలి కాదవ్వా. జబ్బు. ఈ పొద్దే డాక్టరు పేరు చెప్పినాడు. చెయ్యి ఊగుతాది, నా మాట వినదు."

"నొప్పి ఉండాదా?"

"లేదు."

"మందిచ్చినాడా?"

"ఇచ్చినాడు."

"తింటాండు మల్ల." ఆమె బుట్ట మీది గుడ్డ తీసింది. ఉడకబెట్టిన చెనక్కాయలు. గుప్పెడు తీసి, "పట్టు" అంది.

ఎడమ చెయ్యి సంచి పట్టుకుని ఉంది. కుడి చెయ్యి చాచాను. ఆమె పోసింది. కొన్ని వేళ్ల సందుల్లోంచి కిందికి, సీటు కిందికి దొర్లిపోయాయి. ఆమె పట్టించుకోకుండా ఇంకో గుప్పెడు తీసి మంజులత ఒళ్లో పోసింది.

అరచేతిలో మిగిలినవి ఒక్కొక్కటే వలుచుకుని తిన్నాను. ఉప్పు సరిగ్గా ఉంది.